సెండి ఊడ్చిన జాగా

కోతల పండగ నాడు సిగాట్ తలపాగా మీద ఊగిన ఈకలు రాలిన ఈకలు కావు. వసారాలో కూర్చున్న వాళ్ళందరిలో ఆ సంగతి ముందుగా తెలిసింది సెండికి. రాలిన ఈక మొదలు ఎండిన గడ్డిపోచలా ఉంటుంది. వీటి మొదళ్ళలో జిడ్డు ఇంకా ఆరలేదు. పైగా ఏరుకున్న ఈకలైతే ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, ఒకటి చీమలు కొరికినట్టుగా ఉంటాయి. ఇవి రెండు రెక్కలవీ వరస చెడకుండా ఉన్నాయి. ఒక్కో ఈక మీద తల నుంచి మొదలు దాకా కళ్ళలాంటి గుండ్రటి మచ్చలు. తోక ఈకలు రెండూ మనిషంత పొడుగున వెనక్కి వాలి కంచు గంటల మోతకి ఊగుతున్నాయి. ఒక రువాయ్ పక్షి ఒళ్ళంతా ఒక మనిషి నెత్తికెక్కింది.

సెండి చేతిలోని కల్లు చెంబు కింద పెట్టి అతని దారికి అడ్డం నిలబడింది.

"ఏ పక్షివి బావా ఈ ఈకలు?"

"పక్షివే, కోతివి కావులే. పక్కకి జరుగు," అన్నాడు సిగాట్ అడుగు తప్పకుండా.

సిగాట్ ఆమె మేనమామ కొడుకు. వయసులో ఉన్నాడు, అందగాడు. ఒకే కప్పు కింద కుటుంబానికో గది చొప్పున వరసగా కట్టిన పొడుగిళ్ళు ఆ ఏటి పొడుగునా ఉన్నాయి. వాటన్నిటిలో అతనంత బాగా ఆడేవాడు లేడు. ఆ మాట అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. గంటలు ఆగేసరికి వసారా మొత్తానికి విషయం అర్థమైంది. ఇంటి వెనక కొండమీద పొద్దున్నే కూసే రువాయ్ కొన్నాళ్ళుగా కూయడం లేదు. పండగ సందడిలో పడి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ కొండమీది రువాయ్ సెండి వాళ్ళ గదికి కాపలా. ఆమె తండ్రి జింబున్ పడుచువాడిగా ఉన్నప్పుడు పేము కోసం అడవికి పోయి దారి తప్పాడు. జ్వరంతో కాళ్ళు లేవక ఆకుల్లో పడి ఉంటే, పైనుంచి రువాయ్ కూత వినిపించింది. 'కు-వావ్' అని ఆగి, మళ్ళీ 'కు-వావ్' అని. ఆ కూత పట్టుకుని పాకుతూ పోతే కొండ గట్టుమీద ఒక శుభ్రమైన జాగాలోకి వచ్చాడు. అక్కడినుంచి కిందికి చూస్తే సొంత ఇంటి పొగ కనిపించింది. ఆ జాగాలోనే నిద్రపోయాడు. కలలో మచ్చల శాలువా కప్పుకున్న మనిషి వచ్చి చెప్పాడు. "నా వాకిట్లో పడుకున్నావు కాబట్టి బతికావు. ఇక నువ్వూ నీ పిల్లలూ నా మాంసం ముట్టొద్దు. నీ గదిని నేను కనిపెట్టుకుని ఉంటా." కలలో వచ్చినవాడి మాట దాటితే ఏమవుతుందో ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వేరే కొండలమీద రువాయ్‌లను పట్టుకునేవాళ్ళు కూడా ఈ కొండదాని జోలికి పోలేదు.

నిజానికి పట్టుకుందామన్నా అది కనపడాలి కదా. ఏళ్ళ తరబడి దాని కూత కింద పోడు నరుక్కుని, దాని కూత వింటూ ముసలివాళ్ళై పోయి, ఒక్కసారి కూడా చూడకుండా చచ్చిపోయినవాళ్ళు ఆ ఇంట్లో చాలామంది. మనిషి అడుగు చప్పుడు అంత దూరంలో ఉండగానే అది పొదల్లోకి జారుకుంటుంది. ఎగరదు, నడిచిపోతుంది. దానికి ఉన్నదల్లా ఒక్క బలహీనత. మగ రువాయ్ గట్టుమీద ఒక చోటు ఎంచుకుని, దాన్ని వాకిలిలా శుభ్రం చేసుకుంటుంది. ఆకు పడితే ముక్కుతో తీసి పారేస్తుంది, పుల్ల ఉంటే లాగేస్తుంది, చిన్న చెత్తని రెక్కలతో విసిరి ఊదేస్తుంది. అలా నున్నగా చేసుకున్న చోట నిలబడి పెట్టను పిలుస్తుంది. పెట్ట వస్తే రెండు రెక్కలూ పెద్ద విసనకర్రలా ముందుకి విప్పి, తల వాటి వెనక దాచుకుని ఆడుతుంది. ఆట అయ్యాక పెట్ట తన దారిన పోయి, రెండు గుడ్లు పెట్టి, ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటుంది. మగది మళ్ళీ ఆకులు తీసుకుంటూ ఉండిపోతుంది.

ఆ శుభ్రతే దాన్ని చంపేది. వెదురు చీల్చి, అంచు కత్తిలా చెక్కి, ఆ జాగా మధ్యలో నిలువునా పాతితే చాలు. అదేదో చెత్త మొలిచిందనుకుని రువాయ్ దాన్ని పీకబోతుంది. ముక్కుకి రాకపోతే మెడ చుట్టి బలమంతా పెట్టి వెనక్కి లాగుతుంది. మిగతాది వెదురే చూసుకుంటుంది.

జింబున్ ఏడాదికోసారి, అది ఈకలు రాల్చి కూత మానేసే నెలల్లో గట్టుకు పోయి రాలినవి ఏరుకొచ్చేవాడు. సెండి చిన్నప్పటినుంచీ వెంట వెళ్ళేది. తెచ్చిన ఈకల్ని ఆడేవాళ్ళకి ఊరికే పంచేవాడు. సిగాట్‌కి ఆ పొట్టీ పొడుగూ ఈకలు చాల్లేదు.

మర్నాడు పొద్దున ఇంటిపెద్ద గరాయ్ అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. ఒక గదిని కాచే పక్షిని బయటివాడు చంపితే తప్పు కట్టాలి. ఒక పంది, ఒక పాత జాడీ. ఆ పంది పొడుగిల్లంతటికీ విందు. అందుకే ఎవరూ పోడుకి పోలేదు, అందరూ హాజరయ్యారు.

"ఆ చోటు నీకెవరు చూపించార్రా?" అన్నాడు గరాయ్.

"ఇంకెవరు పెద్దయ్యా, సెండే. ఈకలేరుకుందాం రా బావా అని తీసుకెళ్ళింది."

"అబద్ధం! నేనెప్పుడు తీసుకెళ్ళాను?" అంది సెండి.

"మరి ఆ దారి నాకు కలలో కనిపించిందా? కలలు మీ గదివాళ్ళకే కదా వచ్చేది."

జనం నవ్వారు. వక్క నములుతున్న ముసలమ్మ ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. "మేనబావకి చూపించాల్సినవన్నీ చూపించాక కొండ ఒక లెక్కా ఏంటే?" ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. సిగాట్ కూడా నవ్వాడు. కాదనలేదు.

గదివాళ్ళే దారి చూపితే అది గదివాళ్ళ సొంత తప్పు అవుతుంది. బయటివాడు కట్టాల్సిందేమీ ఉండదు. అది సిగాట్‌కి తెలుసు, గరాయ్‌కీ తెలుసు. గరాయ్ ఒకసారి సిగాట్ తండ్రి మొహం చూసి, తప్పు లేదన్నాడు. పంది బతికిపోయింది. విందు పోయిందన్న దిగులు తప్ప జనానికి ఇంకే దిగులూ కలగలేదు.

జింబున్ కూతురివైపు తిరిగాడు. "చూపించావా?"

"లేదు నాన్నా. నీమీద ఒట్టు."

ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూసి లేచి గదిలోకి వెళ్ళిపోయాడు. నమ్మలేదు. ఆ రోజునుంచి కూతురితో ఆయన మాటలు పనికి సరిపడా మిగిలాయి. ఉప్పు, కట్టెలు, కత్తికి పదును. సెండి మళ్ళీ మళ్ళీ చెప్పింది. చెప్పినకొద్దీ ఆయన మొహం ఇంకా మూసుకుపోయింది. పొడుగింట్లో ఎవరైనా ఎదురైతే ఒకటే మాట. "నీ తప్పు లేకపోతే రువాయ్ ఇంకో ఒంట్లో తిరిగొస్తుందిలే అమ్మాయ్. తప్పు చేసిన గదికి అది రాదు." ఓదార్పు అనుకుని అనేవాళ్ళు కొందరు, ఎత్తిపొడుపుగా అనేవాళ్ళు కొందరు. మాట మాత్రం ఆమెలో దిగిపోయింది. ఆ గట్టుమీద మళ్ళీ కూత వినిపిస్తే చాలు, తండ్రి తనవైపు చూస్తాడు.

వానాకాలం తర్వాత ఒక్కతే గట్టెక్కింది. జాగా మొత్తం ఆకులు. మోకాలు దిగేంత పాచాకు, పైన కొత్తాకు. అది ఒకప్పుడు ఎవరిదో వాకిలి అన్న గుర్తే లేదు. ఇలా ఉంటే తిరిగొచ్చినవాడు తన చోటు ఎలా గుర్తుపడతాడు అనుకుంది. తాటి జాతి చెట్టు ఈనెలు కోసి చీపురు కట్టి ఊడ్చింది. మట్టి కనిపించేదాకా ఊడ్చి, అరటాకులో అన్నం, గుడ్డు, కాస్త కల్లు పెట్టి దిగింది.

పొయ్యి దగ్గర తండ్రి ఆమె గోళ్ళలో మట్టి చూశాడు.

"ఆకులు బాగా పడ్డాయా?"

"పడ్డాయి నాన్నా."

"ఊడువు," అన్నాడు.

అన్నేళ్ళలో పని కాని మాట ఆయన నోటినుంచి అదొక్కటే వచ్చింది. ఆ మాట మీదే ఆమె బతికింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఆకు రాలడం ఆగని అడవి అది, కాబట్టి ఆమె వెళ్ళడమూ ఆగలేదు. గట్టుమీద కూత వినకుండానే జింబున్ పోయాడు. చివరి పొద్దున కూడా కొండవైపు చెవి పెట్టి పడుకున్నాడు. కూతురివైపు తిరగలేదు.

తర్వాత కింది ఏటివాడు మేదాన్ ఆమెను చేసుకుని ఆ గదికే వచ్చి చేరాడు. నవ్వుమొహం మనిషి, రబ్బరు చెట్లకు గాట్లు పెట్టడంలో నేర్పరి. వచ్చిన కొత్తలో వసారా అంతా వినేలా అనేవాడు. "మా ఆవిడకి రెండిళ్ళు. కొండమీది ఇల్లు అద్దంలా ఉంటుంది. ఈ ఇంట్లో కోడిపెట్ట నా పళ్ళెంలో నిద్రపోతుంది." సెండి కూడా నవ్వేది. ఒకరోజు అతను నవ్వకుండా అడిగాడు.

"అది వచ్చి కూస్తే మాత్రం ఏమవుతుందే? మీ నాన్న లేడు కదా."

"నేనున్నాను," అంది ఆమె.

అతను ఇంకెప్పుడూ అడగలేదు. వానల్లో చీపురు నానిపోతే కొత్త ఈనెలు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. కూతురు దీమాకి పాలపళ్ళు ఊడే వయసులో మేదాన్ ఏట్లో పడవ తిరగబడి పోయాడు. కొన్నాళ్ళు సెండి పోడుకి కూడా వెళ్ళలేదు. గట్టుకి మాత్రం వెళ్ళింది.

దూరపు కొండలమీద రువాయ్‌లు కూస్తూనే ఉండేవి. ఏటవతల రంపాలు మోగడం మొదలయ్యాక అవి కూడా తగ్గాయి. ఈ గట్టు అంత నిటారుగా లేకపోతే ఇది కూడా ఎప్పుడో బోడి అయ్యేది. ఒక్కసారి మాత్రం ఆమె ఊడ్చి, పెద్ద చెట్టుకి గోడలా లేచిన వేరుగోడ వెనక కూర్చుని ఊపిరి తీసుకుంటుండగా ఒక మగ రువాయ్ వచ్చింది. పడుచుది, తోక ఇంకా సగమే పెరిగింది, నీలం మెడ. జాగా అంచున ఆగింది. నున్నగా ఉన్న నేలను అటూ ఇటూ చూసింది. ఒక కాలు ఎత్తింది, మళ్ళీ దించింది. తర్వాత వంగి, దొంగలా, వచ్చిన దారినే పోయింది. ఎక్కడో ఆకు వదిలేశాను, నచ్చలేదు అనుకుంది సెండి. మర్నాడే వెళ్ళి చేతివేళ్ళతో గోకి గోకి శుభ్రం చేసింది.

జుట్టు నెరిసింది. ఆమె సంగతి పొడుగింట్లో పాత హాస్యమైపోయింది. కొత్త కోడళ్ళకి ఆమెను చూపించి "కొండకి పనిమనిషి" అనేవాళ్ళు. సిగాట్ ఇంటిపెద్ద అయ్యాడు. ఆ ఈకల తలపాగా అతని గదిలో పొయ్యిమీద పొగచూరుతూ వేలాడేది. పండగలప్పుడు పెట్టుకునేవాడు. సెండి ఎదురైతే పలకరించేవాడు కాదు, ఆమె కూడా అంతే.

ఒక వానాకాలం మొదట్లో ఆమె గట్టు దిగుతూ జారి కాలు విరగ్గొట్టుకుంది. ఇద్దరు మగవాళ్ళు మోసుకొచ్చారు. కట్టు కట్టి చాపమీద పడుకోబెట్టాక ఆమె అడిగిన మొదటి మాట అదే.

"దీమా, పొద్దున్నే ఒకసారి పైకి..."

"నేను వెళ్ళను," అంది దీమా. పొయ్యి ఊదుతూనే ఉంది.

"ఒక్కసారి ఊడిస్తే చాలే. చీపురు అక్కడే పడిపోయింది."

"నాకు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఊడుస్తున్నావు. ఎవరొచ్చారమ్మా? మాకు గుడ్డు లేని రోజున కూడా దానికి గుడ్డు పెట్టావు. తాత నిన్ను నమ్మలేదు. చచ్చిపోయాక నమ్ముతాడా? ఇంక చాల్లే, పడుకో."

సెండి తిట్టింది, బతిమాలింది, అన్నం మానేసింది. దీమా కదల్లేదు. ఏడుస్తూ తిట్టించుకుంది కానీ కదల్లేదు. వానలు కురిశాయి. పైకప్పుమీద చప్పుడు వింటూ సెండి ఆకులు లెక్కపెట్టినట్టు పడుకునేది. ఎముక అతుక్కుంది, వంకరగా. జాగా మొత్తం మళ్ళీ పూడిపోయి ఉంటుంది, అయిపోయింది అనుకుంది. దీమావైపు చూడకుండా గోడవైపు తిరిగింది. తండ్రి తిరిగినట్టే.

వానలు వెనకబట్టిన ఒక పొద్దున దీమా బయట వడ్లు ఎండబోస్తూ ఉలిక్కిపడి లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! విన్నావా?"

'కు-వావ్.' మంచు పట్టిన గట్టుమీదినుంచి, ఇంటి వెనకనుంచి. 'కు-వావ్.' వసారాలో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. రోకళ్ళు ఆగాయి. ముసలివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, తర్వాత సెండి వాళ్ళ గుమ్మంవైపు చూశారు.

కర్ర పట్టుకుని, దీమా భుజం పట్టుకుని, ఆగి ఆగి ఆమె గట్టెక్కడానికి మరికొన్నాళ్ళు పట్టింది. దీమాను కిందే ఉండమని వేరుగోడ వెనక ఒక్కతే కూర్చుంది. జాగా శుభ్రంగా ఉంది. కానీ ఆమె ఊడ్చిన జాగా కాదు. ఆమె గుండ్రంగా ఊడ్చేది. ఇది కోలగా ఉంది, ఆమె ఎప్పుడూ వదిలేసే వేర్లదాకా పోయింది. అంచుల్లో ఆకులు కుప్పపడ్డాయి. ఆమె చీపురు ఆ కుప్పలో ఉంది, కట్టు ఊడి, ఈనెలు ఒక్కొక్కటీ పీకి పారేసి ఉన్నాయి.

రువాయ్ వచ్చింది. ముసలిది కాదు, నిండు తోక. ఒక ఆకుని ముక్కుతో పట్టుకుని అంచుదాకా నడిచి పడేసింది. తిరిగొచ్చి ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. తొందర లేదు. ఎవరో తనకోసం ఊడ్చి పెట్టాలన్న ఆశ దానికి లేదు. ఊడ్చుకుంటేనే ఆ చోటు తనది.

అప్పుడు ఆమెకి ఆ పడుచుది గుర్తొచ్చింది. అంచున ఆగి, కాలు ఎత్తి, దించి, దొంగలా వెనక్కి పోయినది. నున్నగా ఉన్న వాకిలిని చూసి, ఇది వేరేవాడిది అనుకుని పోయింది. అలాంటివి ఇంకెన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో. తండ్రి చెవి పెట్టి పడుకున్న పొద్దునల్లో కూడా ఏదో ఒకటి ఆ అంచుదాకా వచ్చి పోయి ఉంటుంది. తను పిలుస్తున్నాననుకుని ఇన్నేళ్ళూ తరిమింది. ఊడువు అన్నది తండ్రే. తరిమిన చీపురు తనది.

ఏడవలేదు. ఏడిస్తే చప్పుడవుతుంది. రువాయ్ తన పని చేసుకుని పొదల్లోకి పోయేదాకా కదలకుండా కూర్చుని, విడిపోయిన చీపురు తీసుకుని దిగింది. దీమా అడిగితే "ఉంది" అని మాత్రం చెప్పింది. ఇంటికొచ్చి ఆ ఈనెలు పొయ్యిలో పెట్టింది.

సిగాట్‌కి అప్పటికి కాళ్ళు నీరు పట్టి లేవలేని స్థితి. తన గుమ్మం ముందు వసారాలో దిండుకి ఆనుకుని కూర్చునేవాడు. సెండి ఏటినుంచి నీళ్ళు తెచ్చుకుంటూ కుంటుతూ పోతుంటే పిలిచాడు. పేరు పెట్టి పిలవడం అన్నేళ్ళకి అదే మొదలు.

"సెండీ. కూర్చో కాస్త."

ఆమె కూర్చోలేదు. నీళ్ళబుర్ర కింద పెట్టింది.

"కూత విన్నాను," అన్నాడు. "రోజూ వింటున్నాను."

"అందరూ వింటున్నారు."

"ఈ రోజు అందరినీ పిలిచి చెప్పేస్తాను. నువ్వు చూపించలేదని."

"చెప్పు. అన్నాలకి ముందు చెప్పు బావా. తిన్నాక వీళ్ళకి ఏదీ వినపడదు."

అతను నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక గొంతు దించాడు. "ఇంకొకటుంది. నీ వెనక రాలేదు నేను. నీ వెనక వస్తే నువ్వు కనిపెట్టేసేదానివి. నువ్వు తోడు లేని రోజు మీ నాన్న వెనక వెళ్ళాను. పాట పాడుకుంటూ పోయేవాడు, కొమ్మలు నరుక్కుంటూ. చూసుకునేవాడు కాదు. దారి చూపించింది ఆయనే అనుకో."

వెనక కొండమీద రువాయ్ ఒకసారి కూసి ఊరుకుంది. సెండి వంగి నీళ్ళబుర్ర ఎత్తి నడుముకి పెట్టుకుంది. ఆ కోతలు రాకముందే సిగాట్ పోయాడు. ఆ రోజు తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు కాబట్టి, అతనితో ఆమె అన్న చివరి మాట ఇదే.

"నాకంటే ముందు నువ్వే పోతావు బావా. చచ్చినవాళ్ళ ఊళ్ళో మా నాన్న కనిపిస్తే రువాయ్ తిరిగొచ్చిందని చెప్పు. ముందు అది చెప్పు. తర్వాత నా తప్పేం లేదని చెప్పు. ఆ చోటు నీ అంతట నువ్వే వెతుక్కున్నావని చెప్పు. ఆయన వెనకే వెళ్ళావని మాత్రం చెప్పకు."